మసి పూసి కాటుక చేసి

మా ఇంట్లోంచి మసిని వెళ్లగొట్టడానికి దాదాపు నలభై ఏళ్లు పట్టింది. మా అమ్మ కాపురానికొచ్చినప్పుడు కట్టెల పొయ్యి. ఆ తర్వాత కిరోసిన్ స్టవ్వు, ఆ తర్వాత గ్యాస్. నిరుడు హన్మకొండలో ఈ ఇంటికి మాడ్యులర్ కిచెన్ పెట్టించి, దాని నెత్తిన ఒక చిమ్నీ కూడా బిగించాం. ఇక ఈ కొంపలో మసికి తావు లేదని నేను ప్రకటించిన ఎనిమిది నెలలకు, అదే గ్రానైట్ బండ మీద ఆముదం దీపం పెట్టి, చిమ్నీ ఆపి, ఫ్యాన్ ఆపి, కిటికీలు మూసి, మా ఆవిడా అమ్మాయీ కలిసి మసి పట్టడం మొదలుపెట్టారు. దాన్ని సహజ నేత్రాలంకరణ అనాలట.

కారణం బతుకమ్మ పండుగ. అమ్మాయి తన కాటుక పెన్సిల్ డబ్బా మీది చిన్న అక్షరాలు చదివింది. ఇరవై దాకా పేర్లున్నాయి. ఒక్కటి కూడా మా అమ్మ నోరు తిరగలేదు. "పలకరాని దాన్ని కంట్ల ఎట్ల పెట్టుకుంటవ్ బిడ్డా?" అంది. ఆ ఒక్క మాటతో ఇంట్లోనే కాటుక చేయాలన్న తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. పదేళ్లుగా వేసుకుంటున్న బీపీ మాత్ర పేరు కూడా ఆమె ఇంతవరకు పలకలేదు. ఆ అంశాన్ని సభలో ఎవరూ లేవనెత్తలేదు. నేనూ లేవనెత్తలేదు, అన్నం తినాలి కదా.

కాటుక వత్తికి కావాల్సిన గుంటగలగరాకు తెచ్చే బాధ్యత నా మీద పడింది. తడి గట్ల మీద, కాలువల పక్కన మొలుస్తుంది, తెల్లటి చిన్న పూలుంటాయి అని చెప్పి పంపారు. వడ్డేపల్లి చెరువు వైపు వెళ్లి, తెల్లటి చిన్న పూలున్న మొక్కను సంచి నిండా పీక్కొచ్చాను. మా అమ్మ సంచీలోకి తొంగి చూసి రెండడుగులు వెనక్కి వేసింది. "గది వయ్యారిభామరా! ముట్టుకుంటెనే దురద." కళ్ల అలంకారానికి వయ్యారిభామ కంటే తగిన పేరు నాకు తట్టలేదన్న వాదన అక్కడ చెల్లలేదు. మోచేతుల దాకా దద్దుర్లతో మళ్లీ వెళ్లి, ఈసారి అసలు ఆకు తెచ్చాను.

ఆకు నూరి, రసం పిండి, పాత నూలు చీర ముక్క అందులో నానబెట్టి నీడన ఆరబెట్టాలి. ఆరాక మళ్లీ నానబెట్టాలి. వాన ముసురులో గుడ్డ ఆరడానికే రెండు రోజులైంది. దాన్ని వత్తిగా పేని, ప్రమిదలో ఆముదం పోసి వెలిగించి, అటొక ఇటుక ఇటొక ఇటుక పెట్టి, పైన ఇత్తడి పళ్లెం బోర్లించారు. ఎత్తు విషయంలో మా అమ్మ ఇంజినీరుకు ఏమాత్రం తీసిపోలేదు. "పళ్లెం మీదికుంటె మసంత గాలికి పోతది, కిందికుంటె దీపం సల్లబడ్తది." దీపానికి గాలి సరిగ్గా అందితే నూనె పూర్తిగా కాలిపోతుంది, మసి మిగలదు. చల్లటి పళ్లెం మంట నెత్తి మీద కూర్చుంటే కాలీ కాలని కర్బనం దానికే అంటుకుంటుంది. అంటే కాటుక అనేది సరిగ్గా కాలని ఆముదం. మా ఇంట్లో సరిగ్గా ఉడకని కూరకు ఇంత మర్యాద ఏనాడూ దక్కలేదు.

నాలుగు గంటలు. అక్టోబరు ఉక్కలో ఫ్యాన్ లేకుండా నలుగురం ఒక దీపం చుట్టూ. చివరికి పళ్లెం తిరగేసి ఏటీఎం కార్డుతో గీకితే, చిటికెన వేలి గోటి మీద పట్టేంత నలుపు వచ్చింది. అటు భూపాలపల్లి, ఇటు రామగుండం, ఎటు తవ్వినా సింగరేణి బొగ్గే. అలాంటి ఉత్తర తెలంగాణలో గోరంత నలుపు కోసం ఒక కుటుంబం మూడు రోజులు శ్రమించింది. మా అమ్మ దాన్ని చూసి నిట్టూర్చింది. "మేము పొయ్యి కాడ కూసుంటె అదే అచ్చి కండ్లల్ల వడేది. పైస దీస్కోలే."

ఖర్చు లెక్క వేస్తే ఆముదం, నెయ్యి, కొత్త ఇత్తడి పళ్లెం, నా దురద మందు కలిపి వెయ్యి దాటింది. పెన్సిల్ ధర నూట ఎనభై. ఈ అంకెలను నేను పద్దు పుస్తకంలో రాసుకున్నానే తప్ప పైకి చదవలేదు.

మసిలో నెయ్యి రంగరించి భరిణెలో పెట్టారు. పెట్టుకున్న గంటకే అమ్మాయి కళ్లు రెండూ నిద్ర లేని కానిస్టేబుల్ కళ్లలా అయ్యాయి. ఇందులో ఆమె తప్పేమీ లేదు. మనిషి ఒంటి వేడికే నెయ్యి కరగడం మొదలవుతుంది. పెన్సిల్లో కలిపే తేనెమైనం కరగాలంటే 60 డిగ్రీలు దాటాలి. వరంగల్ మే నెల కూడా అంత దూరం ఇంకా పోలేదు.

నేను ఊరుకోబెట్టాను. కాటుక కారడం మన ఉమ్మడి వరంగల్ జిల్లాకు కొత్త కాదన్నాను. పోతన భాగవతాన్ని రాజుకు అంకితమిస్తాడేమోనన్న దిగులుతో సాక్షాత్తూ సరస్వతే కళ్ల ముందు నిలబడి ఏడ్చిందని, కాటుక కలిసిన కన్నీళ్లు గుండెల మీదికి జారాయని, నిన్ను అమ్ముకోను తల్లీ అని ఆయన ఓదార్చాడని చాటువు ఉంది కదా. ఆయన ఊరు బమ్మెర ఇక్కడికి ఎంత దూరం? చదువుల తల్లి కాటుకే నిలవలేదు, డిగ్రీ సెకండియర్ కాటుక ఏపాటిది? కారకూడదంటే పాలంపేటకు పోవాలి. అక్కడి రామప్ప గుడి కట్టింది 1213లో. ఆ గుడి మదనికల, అంటే రాతి సుందరుల, కళ్లు ఇప్పటికీ చెదరలేదు. శిల్పి గడుసువాడు, మనిషిని మనిషినే నల్లరాతితో చెక్కేశాడు.

కాటుక ఎలా ఉన్నా, 'కెమికల్ లేదు' అన్న కబురు వీధంతా పాకింది. ఒకావిడ తన దగ్గరున్న సుర్మా కూడా సహజమేనని గుర్తు చేసింది, రాయిని నూరి చేసింది కదా అని. నిజమే. సుర్మాకు నూరే ఆ రాయి చాలాసార్లు గెలీనా, అంటే సీసమూ గంధకమూ కలిసిన ఖనిజం. సీసం కంటే సహజమైనది ఏముంది, భూమి తల్లి కడుపులోంచే వస్తుంది. పిల్లల మెదడును దెబ్బతీయడం కూడా అంతే సహజంగా చేస్తుంది. కళ్లకు వాడే రంగుల్లో దాన్ని అమెరికా వాళ్లు అనుమతించరు. వాళ్లకు ప్రకృతి మీద బొత్తిగా ప్రేమ లేదు.

పక్కింటి పెద్దావిడ మూడు నెలల మనవణ్ని ఎత్తుకుని, చూపుడు వేలు సిద్ధం చేసుకుని వచ్చింది. పసివాళ్ల కళ్లలో కాటుక పెట్టొద్దని, వేలి మురికి కంట్లోకి పోతుందని, కన్నీటి దారి మూసుకుపోవచ్చని కంటి డాక్టర్లు మొత్తుకునేదే చెప్పాను. దిష్టి తగిలేది కంటితోనే కాబట్టి విరుగుడూ కంట్లోనే ఉండాలని ఆమె సిద్ధాంతం. మా అమ్మ అడ్డుపడి, అరికాలికి చుక్క పెట్టి పంపించింది. ఇంటి మొత్తానికి నేను ఆమోదించిన ఏకైక వినియోగం అదే.

సద్దుల బతుకమ్మ నాడు పద్మాక్షి గుట్టకు పోయాం. పద్మాల్లాంటి కళ్లున్న తల్లి ముందు మావాళ్లు సహజమైన కళ్లతోనే ఆడారు. రెండు పాటలు దాటేసరికి నలుపు చెంపల దాకా దిగింది. ఆ రోజు వాళ్లు తీసుకున్న ఫొటోల్లో ఎక్కువ భాగం బతుకమ్మవే, మనుషులవి తక్కువ.

దీపావళికి ముందు వంటింటికి సున్నం వేయించడానికి పెయింటర్ వచ్చాడు. దీపం పెట్టిన చోటికి సరిగ్గా పైన, సీలింగు మీద పళ్లెమంత నల్ల మచ్చ ఉంది. సబ్బునీళ్లతో రెండుసార్లు తుడిపించాం, ఇసుమంత కూడా కదల్లేదు.

"కొత్త కిచెన్ల కట్టెల పొయ్యి వెట్టిండ్రా సార్?" అని అడిగాడు.

"కాటుక చేసినం అన్నా" అంది మా ఆవిడ, చిన్నగా.

అతను నిచ్చెనెక్కి, మచ్చను వేలితో రాసి, ఆ వేలిని వెలుతురులో అటూ ఇటూ తిప్పి చూసుకున్నాడు.

"మంచిగ దిగింది మేడం. సున్నం ఏసేముందల జెర గీక్కపోనా? మా బిడ్డకు దిష్టి సుక్క వెడ్త."