ఆయమ్మ జీతాన్ని ఏ లెక్కన కట్టాలి?

కర్నూలులో పసిబిడ్డను చూసుకునే ఆయమ్మ జీతం చాలా ఇళ్లలో రెండు ప్రశ్నలతోనే తేలిపోతుంది. పక్కింటివాళ్లు ఎంత ఇస్తున్నారన్నది మొదటిది, ఆమెకు ఇవ్వగా తల్లి జీతంలో ఎంత మిగులుతుందన్నది రెండోది. ఈ రెండింటిలో ఏదీ ఆయమ్మ చేసే పనికి సంబంధించినది కాదు. అందులోనూ రెండో లెక్క మరీ విచిత్రమైనది. బిడ్డ ఇద్దరిదీ అయినప్పుడు ఆయమ్మ ఖర్చును తల్లి జీతంలోంచి మాత్రమే తీసివేసి, 'ఇంత పోగా నువ్వు ఉద్యోగానికి పోయి ఏం లాభం' అని ఆమెనే అడుగుతారు. తండ్రి జీతం ఆ కాగితం మీదికే రాదు. ఇద్దరి ఆదాయాన్నీ కలిపి చూస్తే, భరించలేమనుకున్న మొత్తం చాలా ఇళ్లలో భరించదగినదిగానే కనిపిస్తుంది.

పక్కింటి ధర విషయానికొస్తే, అది చాలావరకు గిన్నెలు తోమి, ఇల్లు ఊడ్చి, తుడిచే పనికి ఇంటికింత అని స్థిరపడిన రేటును చూసి వేసుకున్న అంచనా. ఆ పని గంటలో, గంటన్నరలో ముగుస్తుంది. బి.క్యాంపులోనో వెంకటరమణ కాలనీలోనో నాలుగు ఇళ్లు ఒప్పుకున్న మనిషి మధ్యాహ్నానికి తన ఇంటికి చేరుకోగలదు, ఒక ఇల్లు పోయినా మూడు మిగులుతాయి. బిడ్డను ఎత్తుకున్న మనిషికి ఆ వీలు లేదు. ఆమె ఉదయం ఎనిమిదిన్నరకు వచ్చి, ఆసుపత్రిలోనో బ్యాంకులోనో పనిచేసే తల్లిదండ్రులు తిరిగొచ్చేదాకా కదలకూడదు. అంటే ఆ నాలుగు ఇళ్ల సంపాదనను వదులుకుని ఒక ఇంటికి కట్టుబడి ఉంటుంది. కాబట్టి ఆమె జీతం కనీసం ఆ నాలుగు ఇళ్ల మొత్తానికి తగ్గకూడదన్నది బేరం మొదలుపెట్టే ముందే ఒప్పుకోవలసిన విషయం.

ఇక గంటల లెక్క చూద్దాం. ఉదయం ఎనిమిదిన్నర నుంచి సాయంత్రం ఆరున్నర వరకు రోజుకు పది గంటలు, నెలకు 26 రోజులు పని, జీతం 6,000 రూపాయలు అనుకుంటే గంటకు 23 రూపాయలు పడుతుంది. 2025-26 సంవత్సరానికి ఆంధ్రప్రదేశ్‌లో ఉపాధి హామీ కూలి రోజుకు 307 రూపాయలు. దాన్ని ఎనిమిది గంటల పనికి ఇచ్చే మొత్తంగా తీసుకున్నా గంటకు 38 రూపాయలు దాటుతుంది. ఆ రేటునే పది గంటలకు కడితే నెలకు దాదాపు పది వేలు, ఎనిమిది గంటలు దాటిన రెండు గంటలకు వేతన చట్టం చెప్పే రెట్టింపు లెక్క వర్తింపజేస్తే దాదాపు పన్నెండు వేలు. ఉపాధి కూలి ఇంటిపనికి చట్టబద్ధమైన కొలబద్ద కాదు, నిజమే. అయితే మట్టి తవ్వే పనికి ప్రభుత్వం కట్టిన వెలకన్నా బిడ్డను కాపాడే పనికి తక్కువ ఇస్తున్నామంటే దానికి సమర్థన ఏమిటో ఇచ్చేవాళ్లే చెప్పాలి. జిల్లా పశ్చిమ మండలాల నుంచి ఏటా గుంటూరు వైపు మిరప కోతలకు సుగ్గికి, అంటే వలస కూలికి పోయే ఆడవాళ్లకు ఈ లెక్క ఎవరూ నేర్పనక్కర్లేదు. ఊరు విడిచి అంత దూరం ఎందుకు పోతారంటే ఇక్కడ దొరికే కూలి చాలక.

ఈ బేరంలో తరచూ వినిపించే మరో వాదన, అంగన్‌వాడీ ఆయాకే ప్రభుత్వం ఏడు వేలు ఇస్తోంది కదా అన్నది. 2023 డిసెంబరు నుంచి 2024 జనవరి వరకు 42 రోజుల పాటు అంగన్‌వాడీ కార్యకర్తలు, ఆయాలు సమ్మె చేసినది ఆ ఏడు వేలు, కార్యకర్తలకిచ్చే పదకొండున్నర వేలు చాలడం లేదనే. సరిపోదని పనిచేసేవాళ్లే రోడ్డెక్కిన అంకెను న్యాయానికి గీటురాయిగా ఎలా పెట్టుకుంటాం?

'పిల్లల్ని చూసుకోవడంలో పెద్ద నైపుణ్యం ఏముంది' అనే మాటకు జవాబు మన ఇళ్లలోనే ఉంది. పురుడు వచ్చిన ఇంట్లో పసిబిడ్డకు నీళ్లు పోయడానికి చెయ్యి తిరిగిన పెద్దామెను వెతికి మరీ పిలుచుకొస్తాం. కాళ్లు చాపుకుని బిడ్డను వాటి మీద పడుకోబెట్టి, నూనె రాసి, మెడ జారకుండా పట్టుకుని ఆమె నీళ్లు పోస్తుంటే కన్నతల్లి పక్కన నిలబడి చూస్తుంది. ఆ అరగంటకు డబ్బులు, చీర ఇవ్వడానికి ఎవరూ వెనకాడరు. అదే అనుభవం ఉన్న మనిషి రోజంతా బిడ్డను పెట్టుకుంటే మాత్రం ఆ నైపుణ్యానికి వెల ఉండదు. జ్వరం వచ్చిందని చెయ్యి పెట్టి కనిపెట్టడం, ఉగ్గు గొంతులో అడ్డం పడకుండా పెట్టడం, పడుకున్న బిడ్డను ఒంటరిగా వదలకపోవడం అన్నీ పనే. బిడ్డ నిద్రపోయిన రెండు గంటలను విశ్రాంతి కింద రాసి, ఆ సమయంలో బట్టలు మడత పెట్టమని, కూరగాయలు తరగమని చెప్పడం ఒకే జీతంతో ఇద్దరిని పెట్టుకోవడమే. వంట కావాలంటే వంటకు, రాత్రి ఉండాలంటే రాత్రికి వేరుగా మాట్లాడుకోవాలి.

చట్టం ఇంటి గుమ్మం దాటి లోపలికి వచ్చింది తక్కువ. ఇంటిపనిని కనీస వేతనాల జాబితాలో చేర్చిన రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ ఉన్నా, ఏ ఇంట్లో ఎంత ఇస్తున్నారో చూసేవారు లేరు. ఇంటి పనివారి గౌరవప్రదమైన పని గురించి అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011లో చేసిన 189వ ఒప్పందానికి భారత్ ఓటు వేసింది గానీ ఇంతవరకు ధ్రువీకరించలేదు. వీరికి ప్రత్యేక చట్టం అవసరమేమో పరిశీలించేందుకు కమిటీ వేయాలని సుప్రీంకోర్టు 2025 జనవరిలో కేంద్రానికి చెప్పింది. అది తేలేదాకా ప్రతి ఇల్లూ తన వేతన సంఘం తానే.

అందుకే చిన్న విషయాలే ఎక్కువ గొడవ తెస్తాయి. ఇంటివాళ్లు వారం రోజులు తిరుపతికో బెంగళూరుకో వెళితే ఆ వారం జీతం కోయకూడదు, ఎందుకంటే ఆమె రావడానికి సిద్ధంగానే ఉంది. నెలకు ఇన్ని నాగాలకు కోత లేదని ముందే చెప్పుకోవాలి. పెట్టిన టిఫిన్, ఇచ్చిన పాత చీర జీతంలో భాగం కావు. 2025 ఆగస్టు 15 నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీ ప్రయాణం ఉచితమైంది కాబట్టి ఛార్జీలకు ఇచ్చేది మానేయవచ్చనుకునేవారు, బస్టాండు నుంచి కాలనీ వరకు ఆటోకు ఆమెకయ్యే ఖర్చును కూడా లెక్కలో వేసుకోవాలి. 'మా ఇంటి మనిషే' అని చెప్పడం తేలికే, ఇంటి మనిషికి జ్వరమొస్తే జీతం కోయం మరి.

ప్రైవేటు బడిలో పాఠాలు చెప్పే టీచరు, చిన్న ఆసుపత్రిలో పనిచేసే నర్సు ఈ మొత్తాన్ని ఎక్కడి నుంచి తెస్తారన్నది నిజమైన ప్రశ్న. వారి జీతమే పన్నెండు వేలు దాటకపోవచ్చు. అలాంటప్పుడు తగ్గించవలసింది గంటలను, గంటకిచ్చే రేటును కాదు. లేదా ఒకే వీధిలోని రెండు కుటుంబాలు ఒక ఆయమ్మను కలిసి పెట్టుకుని, చెరో ఆరున్నర వేలు వేసుకోవచ్చు. అప్పుడు ఇద్దరు బిడ్డలను చూస్తున్నందుకు ఆమెకు పదమూడు వేలు ముడతాయి. అంగన్‌వాడీలకు అనుబంధంగా శిశు సంరక్షణ కేంద్రాలు నడిపే కేంద్ర పథకం 'పాల్నా' ఉంది. అలాంటి కేంద్రాలు పట్టణ వార్డుల్లో ఉద్యోగినుల పనివేళలకు తగ్గట్టు నడవాలని అడగవలసింది ఈ కుటుంబాలే.

ఒప్పందంలో ఎవరూ తలవనిది ముగింపు గురించి. బిడ్డకు మూడేళ్లు రాగానే బడిలో వేస్తారు, ఆయమ్మ పని ఒక్కసారిగా ఆగిపోతుంది. జూన్‌లో బడి తెరుస్తారని ఇంటివాళ్లకు అడ్మిషన్ ఫీజు కట్టిన రోజునే తెలుసు, ఆమెకు మాత్రం మే నెలాఖరులో చెబుతారు. ఫీజు కట్టిన రోజే ఆమెకూ చెప్పి, వేరే ఇల్లు చూసుకోవడానికి రెండు నెలల గడువు, వెళ్లేటప్పుడు చేసిన ఒక్కో ఏడాదికి కనీసం పదిహేను రోజుల జీతం ఇవ్వాలని పనిలో పెట్టుకున్నప్పుడే కాగితం మీద రాసుకోవాలి.