దోషం నాది కాదు, నా పేగులది

మా ఇంట్లో ఒకే వైరస్ ఇద్దరికి సోకింది. మా బావమరిది రెండుసార్లు తుమ్మి, ముక్కు తుడుచుకుని, మర్నాడు యథాప్రకారం ఉదయపు నడకకు వెళ్లిపోయాడు. నేను పదకొండు రోజులు మంచం దిగలేదు. జ్వరాన్ని భరించాను, ఒళ్లునొప్పుల్ని భరించాను. భరించలేకపోయింది అతని పరామర్శనే. మంచం పక్కకు కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని, "క్రమశిక్షణ ఉండాలి బావా! క్రమశిక్షణ ఉన్న ఒంటిని వైరస్ ఏమీ చేయలేదు" అన్నాడు. ఆ సమయంలో నా నోట్లో థర్మామీటర్ ఉంది. జవాబు చెప్పే వీలు లేకపోయింది. ఈ వ్యాసమే ఆ జవాబు.

నిందను ఇతరుల మీదకు నెట్టే అలవాటు నాకు లేదు. అయితే అందుకు శాస్త్రీయమైన ఆధారం దొరికాక కూడా నెట్టకపోతే విజ్ఞానాన్ని అవమానించినట్టవుతుంది. ఆధారం దొరికింది. నేను మంచం పట్టడానికి కారకులు నా పేగుల్లో అద్దె కట్టకుండా కాపురముంటున్న సూక్ష్మజీవులు.

ముందుగా జనాభా లెక్కలు చూద్దాం. ఒక్కో మానవ కణానికి పది బ్యాక్టీరియాల చొప్పున మన ఒంట్లో ఉంటాయని చాలాకాలం పుస్తకాల్లో రాస్తూ వచ్చారు. 2016లో ఇజ్రాయెల్‌లోని వైజ్‌మన్ సంస్థ పరిశోధకులు ఓపిగ్గా మళ్లీ లెక్కకట్టి, 70 కిలోల మనిషిలో బ్యాక్టీరియాలు సుమారు 38 లక్షల కోట్లు, సొంత కణాలు సుమారు 30 లక్షల కోట్లు అని తేల్చారు. ఘోర పరాజయం కాస్తా స్వల్ప తేడా ఓటమి అయింది. తేడా ఎంత స్వల్పమంటే, ఒక్కసారి మరుగుదొడ్డికి వెళ్లివస్తే మెజారిటీ మనవైపు మొగ్గవచ్చునని కూడా వాళ్లు రాశారు. పొద్దున్నే ఓ పది నిమిషాలపాటు నా ఒంటికి నేనే యజమానినన్న ధీమా ఎందుకు కలుగుతుందో నాకు అప్పుడు అర్థమైంది. ఈ బ్యాక్టీరియాలన్నిటినీ పోగుచేసి తూస్తే ఇంచుమించు 200 గ్రాములు. ఆ 200 గ్రాములు సహకరించకపోతే 70 కిలోలు మంచమెక్కుతాయన్నది నా వాదన.

జలుబుకూ పేగులకూ సంబంధమేమిటి, బోడిగుండుకూ మోకాలికీ ముడిపెడుతున్నానని మీరు అనుకోవచ్చు. 2011లో అమెరికాలోని యేల్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ ముడే వేసి చూపించారు. ఎలుకలకు యాంటీబయాటిక్స్ ఇచ్చి పేగుల్లోని బ్యాక్టీరియాను ఊడ్చేసి, ఆ తర్వాత ఫ్లూ వైరస్ అంటించారు. ఊపిరితిత్తుల్లో వైరస్‌ను ఎదుర్కోవలసిన రోగనిరోధక వ్యవస్థ సరిగ్గా స్పందించలేదు. మరుసటి ఏడాది పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయంలో ఇలాంటి ప్రయోగమే చేస్తే, బ్యాక్టీరియా పోగొట్టుకున్న ఎలుకలకు జబ్బు బాగా ముదిరింది, వైరస్ ఆలస్యంగా వదిలింది.

కారణం వింటే నాకు ముచ్చటేసింది. పేగుల్లోని సూక్ష్మజీవులు వైరస్‌తో నేరుగా కుస్తీ పట్టనక్కరలేదు. రోజంతా గుమ్మం ముందు అల్లరి చేసే పిల్లల్లాగా రోగనిరోధక కణాలను కాస్త కాస్త కదిలిస్తూ ఉంటాయి. ఆ గోలకు కాపలావాడికి కునుకు పట్టదు. అసలైన దొంగ వచ్చిన రాత్రి వెంటనే లేచి ఇంటర్‌ఫెరాన్ అనే ఈల ఊదుతాడు. పిల్లలు లేని ఇంట్లో కాపలావాడు హాయిగా నిద్రపోతాడు. ఈల ఎక్కడ పెట్టాడో వెతుక్కునేలోపు దొంగ వంటింటి దాకా వచ్చేస్తాడు.

2017లో సెయింట్ లూయిస్‌లోని వాషింగ్టన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఆ పిల్లల్లో ఒకణ్ణి పేరుతో సహా పట్టుకున్నారు. క్లాస్ట్రిడియమ్ జాతికి చెందిన ఒక బ్యాక్టీరియా, మొక్కల నుంచి వచ్చే ఫ్లేవనాయిడ్లను నమిలి డిసామినోటైరోసిన్ అనే పదార్థాన్ని తయారుచేస్తుంది. దాన్ని ముందుగా తాగించిన ఎలుకలు ఫ్లూను మెరుగ్గా తట్టుకున్నాయి. ఆ పేరు తడబడకుండా పలకగలిగితే జ్వరం తగ్గినట్టే లెక్క. నాకు ఇంకా తగ్గలేదు.

ఇంతవరకు కేసు నాకు అనుకూలంగానే నడిచింది. నా బ్యాక్టీరియా విధులకు గైర్హాజరైంది, నేను పడిపోయాను. బావమరిది బ్యాక్టీరియా హాజరైంది, అతను నడకకు వెళ్లాడు. ఇందులో అతని గొప్ప ఏముంది? అయినా న్యాయంగా మాట్లాడాలి కనుక చెబుతున్నాను, ఈ అద్దెదార్లు మన సైనికులేమీ కారు. యేల్ ఫలితం వచ్చిన 2011లోనే మరో పరిశోధక బృందం పోలియో వైరస్‌తో ప్రయోగం చేసింది. ఈసారి కథ అడ్డం తిరిగింది. పేగుల్లో బ్యాక్టీరియా ఉన్న ఎలుకలకే జబ్బు ఎక్కువైంది, లేనివి తట్టుకున్నాయి. బ్యాక్టీరియా ఒంటి మీది లైపోపాలిశాకరైడ్ అనే పదార్థం పోలియో వైరస్‌కు అతుక్కుని దాన్ని దృఢపరుస్తుందట, కణానికి పట్టుకోవడానికి ఊతమిస్తుందట. ఫ్లూ వచ్చినప్పుడు కాపలావాణ్ణి లేపే ఇంట్లోనే పోలియోకు గొడుగు పట్టేవాళ్లూ ఉన్నారన్నమాట.

ముక్కులో ఉండేవాళ్ల సంగతి చెప్పనే అక్కర్లేదు. ఫ్లూ వైరస్ కణంలోకి దూరాలంటే దాని మీదున్న హీమాగ్లుటినిన్ ప్రొటీన్ ఒకచోట తెగాలి. కొన్ని స్టెఫిలోకాకస్ రకాలు తమ ఎంజైమ్‌తో ఆ కోత కోసిపెడతాయని 1987లోనే తేలింది. అతిథికి తలుపు తీయడమే కాదు, చెప్పులు విప్పి పక్కన పెట్టే మర్యాద ఇది. 1918 నాటి ఫ్లూ మహమ్మారిలో అత్యధిక మరణాలకు దారితీసింది వైరస్ వెనకే వచ్చిన బ్యాక్టీరియా న్యుమోనియా అని, అప్పటి శవపరీక్షల నమూనాలను తిరిగి చూసినవాళ్లు 2008లో చెప్పారు. ఆ న్యుమోనియా తెచ్చినవి చాలావరకు మామూలు రోజుల్లో ఆరోగ్యవంతుల గొంతులోనే బుద్ధిగా కూర్చునే రకాలు.

ఎలుకల గొడవ మాకెందుకు, మనుషుల సంగతి చెప్పమంటారా? 2021లో హాంగ్‌కాంగ్ పరిశోధకులు 100 మంది కోవిడ్ రోగుల పేగుల్లోని సూక్ష్మజీవులను పరిశీలించారు. ఫీకలిబాక్టీరియం, బైఫిడోబాక్టీరియా వంటి మంచిపేరున్న రకాలు రోగుల్లో తగ్గిపోయాయి. జబ్బు తీవ్రతకూ ఈ మార్పులకూ పొంతన కనిపించింది. ఆ వార్తను బిగ్గరగా చదివి వినిపించి, కేసు ముగిసిందని ప్రకటించాను.

మా ఆవిడ అడిగింది: "బ్యాక్టీరియా తగ్గడం వల్ల జబ్బు ముదిరిందా, జబ్బు ముదరడం వల్ల బ్యాక్టీరియా తగ్గిందా?"

తిండి సరిగ్గా తినక, మందులు మింగుతూ, మంచాన పడి ఉన్నవాడి పేగుల్లో అద్దెదార్లు మారరా అని కూడా అడిగింది. ఇలాంటి ప్రశ్నలు వేసేవాళ్లు ఇంటింటా ఉండబట్టే విజ్ఞానం ఇంత నెమ్మదిగా నడుస్తోంది. ఆమె అంతటితో ఆగలేదు. తన తమ్ముడు నాకంటే పద్దెనిమిదేళ్లు చిన్నవాడని, ఆ ఏడాది ఫ్లూ టీకా వేయించుకున్నాడని, నన్ను వేయించుకోమంటే సూది చూసి పని ఉందని లేచి వచ్చేశానని గుర్తుచేసింది. వయసు, టీకా, ఇదివరకు ఆ వైరస్‌తో పరిచయం ఉందో లేదో, ఒక్కసారిగా ఎంత వైరస్ లోపలికి వెళ్లింది వంటి చిల్లర కారణాల మీద నాకు ఆసక్తి లేదని స్పష్టం చేశాను. వాటిలో సగం నా తప్పుగా తేలే ప్రమాదముంది.

అప్పుడామె లేచి సొరుగు తెరిచింది. అందులోంచి ఒక మాత్రల అట్ట తీసి బల్ల మీద పెట్టింది. యాంటీబయాటిక్. పది గుంటలు. ఏడింటి మీద వెండిరేకు చిరిగి, అంచులు పైకి లేచి ఉంది. మూడు మాత్రలు మాత్రం రేకు కింద నున్నగా, నిండుగా ఉన్నాయి. అట్ట వెనక తేదీ ఉన్న ముక్క చిరిగిపోయింది.

ఇక్కడ నేను వివరణ ఇచ్చుకోవాలి. ఆ పదీ పన్ను నొప్పికి వైద్యుడు రాసినవి. నాలుగు వేసుకోగానే నొప్పి తగ్గింది, నేనూ ఆపేశాను. దాన్ని పొదుపు అంటారు. జ్వరం వచ్చిన మొదటి రాత్రి మరో మూడు వేసుకున్నాను. దాన్ని ముందుజాగ్రత్త అంటారు. యాంటీబయాటిక్ వైరస్‌ను ఏమీ చేయదని నాకు తెలియక కాదు. కానీ జ్వరం వచ్చినప్పుడు ఏదో ఒకటి మింగకపోతే జ్వరాన్ని లెక్కచేయనట్టు ఉంటుంది. దొంగ ఏ గదిలో ఉన్నాడో తెలియనప్పుడు గుమ్మం ముందు ఆడుకుంటున్న పిల్లల మీదకు కర్ర విసిరానన్న మాట నిజమే. విసిరింది మాత్రం మంచి ఉద్దేశంతో.

2018లో డెన్మార్క్ పరిశోధకులు ప్రచురించిన ఫలితం ఒకటి ఆ వారంలోనే నా కంటపడడం నా దురదృష్టం. 12 మంది ఆరోగ్యవంతులైన యువకులకు నాలుగు రోజులపాటు మూడు రకాల బలమైన యాంటీబయాటిక్స్ ఇచ్చారు. పేగుల్లోని జనాభా చాలామటుకు నెలన్నరలో కోలుకుంది. కానీ మొదట్లో అందరిలోనూ ఉన్న తొమ్మిది రకాలు 180 రోజుల తర్వాత కూడా చాలామందిలో జాడ లేవు. ఇల్లు ఖాళీ చేసి వెళ్లినవాళ్లు ఉత్తరమైనా రాయలేదు. ఈ కాగితం మా ఆవిడకు చూపించలేదు.

నష్టపరిహారంగా ఒక ప్రొబయాటిక్ డబ్బా కొన్నాను. ఒక్కో గొట్టం మాత్రలో 1000 కోట్ల మేలుచేసే బ్యాక్టీరియాలని దాని మీద పెద్ద అక్షరాల్లో ఉంది. పొంగిపోయి మింగాక లెక్క వేసుకున్నాను. లోపలున్న 38 లక్షల కోట్ల మందిలోకి నేను పంపింది 3,800 మందికి ఒకణ్ణి. సంతలోకి ఒక బంధువును పంపి, అక్కడి పరిపాలన చక్కదిద్దమన్నట్టుంది. పులిసిన పాలలోని బ్యాక్టీరియాతో ముసలితనాన్ని వాయిదా వేయవచ్చని నమ్మిన శాస్త్రవేత్త మెచ్నికోవ్ అంతటివాడు, 1908లో నోబెల్ బహుమతి అందుకున్నవాడు, 71 ఏళ్ల వయసులో కన్నుమూశాడు. డబ్బా మీద ఆ సంగతి రాయలేదు.

అయినా నా వాదనను వదులుకోలేదు. నెల రోజులపాటు ఇంటికి వచ్చినవాళ్లందరికీ మానవుడి పాత్ర నామమాత్రమని, అసలు అధికారం పేగులదని నచ్చజెప్పాను. బావమరిదికైతే ఫోనులో కూడా చెప్పాను.

మొన్న మళ్లీ ఇంట్లోకి వైరస్ వచ్చింది. ఈసారి నేను రెండు తుమ్ములు తుమ్మి ఊరుకున్నాను. బావమరిది ఆరు రోజులు మంచం మీద ఉన్నాడు. పరామర్శకు వెళ్లి, మంచం పక్కకు కుర్చీ లాక్కుని, కాలు మీద కాలు వేసుకుని కూర్చున్నాను. నీరసంగా కళ్లు తెరిచి, "మీరు చెప్పింది నిజమే బావా, అంతా పేగుల్లోనే ఉంది" అన్నాడు.

"అదంతా ఎలుకల సంగతిరా. మనిషన్నాక క్రమశిక్షణ ఉండాలి" అన్నాను.