సవరణ: 3,000 హిట్లు, 500 హోమ్ రన్లు ఉంటే హాల్ ఆఫ్ ఫేమ్ ఖాయమా?

బేస్‌బాల్ ఆటగాళ్ళు ఆల్బర్ట్ పుహోల్స్, మిగెల్ కబ్రెరాల మీద రాసిన పోస్టులో, 3,000 హిట్లు (బంతిని కొట్టి బేస్ చేరుకోవడం), 500 హోమ్ రన్లు (ఒకే దెబ్బకు అన్ని బేస్‌లూ చుట్టి రావడం) రెండూ సాధించిన అందరికీ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌లో, అంటే ఓట్లతో ఎన్నుకునే మేటి ఆటగాళ్ళ గౌరవ వేదికలో, చోటు దక్కిందన్నాను. అది తప్పు. క్షమించండి.

ఆ రెండు మైలురాళ్ళూ దాటింది పుహోల్స్, కబ్రెరాలతో కలిపి ఏడుగురే. వాళ్ళలో హాల్‌లో ఉన్నది హాంక్ ఆరన్, విల్లీ మేస్, ఎడ్డీ మర్రీ. రఫేల్ పల్మేరో 2005లో డ్రగ్ (ఆట సామర్థ్యం పెంచే నిషిద్ధ మందు) పరీక్షలో దొరికాడు. 2014లో 5 శాతం ఓట్లు కూడా రాక ఓటింగ్ జాబితాలోంచే పోయాడు. 696 హోమ్ రన్లు కొట్టిన అలెక్స్ రోడ్రిగెజ్‌ను డ్రగ్స్ కారణంగానే 2014 సీజనంతా సస్పెండ్ చేశారు. కావలసిన 75 శాతం ఓట్లు అతనికి ఇంకా అందలేదు. ఓటేసే బేస్‌బాల్ రచయితలు అంకెలతో పాటు అవి ఎలా వచ్చాయో కూడా చూస్తారు. ఈ ముఖ్యమైన సంగతే నేను వదిలేశాను.

పుహోల్స్ 2027లో ఓటింగ్‌కు వస్తాడన్నదీ పొరపాటే. రిటైరయ్యాక ఐదు సీజన్లు పూర్తిగా ఆగాలి. 2022లో 703 హోమ్ రన్లతో ఆట ముగించిన అతను 2028 జాబితాలోకి వస్తాడు. 2023లో ఆపేసిన కబ్రెరా 2029లో.

కబ్రెరా లెక్క మాత్రం సరైనదే: 3,174 హిట్లు, 511 హోమ్ రన్లు. ఇద్దరూ మొదటిసారే ఎన్నికవుతారన్న నా మాట మార్చుకోవడం లేదు.