వెంటిలేటర్ పెట్టారంటే ఇక అయిపోయినట్టేనా?

వాట్సాప్‌లో ఓ మెసేజ్ తెగ తిరుగుతోంది: “న్యుమోనియాతో ఐసీయూకి వెళ్లినవాళ్లు తిరిగి రారు. ప్రాణం తీసేది వెంటిలేటరే. స్టెరాయిడ్లు ఇస్తామంటే ఒప్పుకోకండి. బతికినా ఇక మంచానికే.” ధైర్యంగా నాలుగు మాటలు రాసేశారు, ఒక్కదానికీ ఆధారం లేదు.

తిరిగి రారన్నది పచ్చి అబద్ధం. 2023లో వెలువడిన ఫ్రాన్స్ అధ్యయనంలో తీవ్రమైన న్యుమోనియాతో ఐసీయూలో చేరినవాళ్లు దాదాపు 800 మంది. స్టెరాయిడ్ లేకుండా మామూలు చికిత్స పొందినవాళ్లలో 28 రోజుల్లో చనిపోయింది నూటికి 12 మంది. బీపీ పడిపోయి షాక్‌లో ఉన్నవాళ్లను అందులో చేర్చుకోలేదు, వాళ్లకు ముప్పు ఇంకా ఎక్కువే. అయినా ‘తిరిగి రారు’ ఎక్కడ, ఈ లెక్క ఎక్కడ?

వెంటిలేటర్ మీద ఉన్నవాళ్లలో మరణాలు ఎక్కువన్నది నిజమే. అసలు దాన్ని పెట్టేదే సొంతంగా ఊపిరి తీసుకునే ఓపిక అయిపోయినవాళ్లకి. అది న్యుమోనియాను తగ్గించదు, మందులు పనిచేసేదాకా మనిషిని నిలబెడుతుంది. గాలి ఎక్కువ కొడితే ఊపిరితిత్తులు దెబ్బతింటాయన్న మాట కూడా నిజం. కానీ దాన్ని పట్టుకున్నది డాక్టర్లే. 2000లో ఓ అమెరికా అధ్యయనం, ఊపిరితిత్తులు బాగా దెబ్బతిన్నవాళ్లకు ఒక్కో శ్వాసకు కిలో బరువుకి 12 మిల్లీలీటర్ల గాలి బదులు 6 ఇస్తే మరణాలు నూటికి 40 నుంచి 31కి తగ్గాయని తేల్చింది. ఆ కిలోలు కూడా తూకం వేసిన బరువు కాదు, ఎత్తును బట్టి లెక్కగట్టినవి. ఒళ్లు పెరిగినంత మాత్రాన ఊపిరితిత్తులు పెరగవు కదా! 2013లో మరో అధ్యయనం, పరిస్థితి బాగా విషమించినవాళ్లను రోజుకు కనీసం 16 గంటలు బోర్లా పడుకోబెడితే మరణాలు 33 నుంచి 16 శాతానికి దిగాయని చూపింది. వెంటిలేటర్ కోసం గొంతులోకి వేసే గొట్టం వల్ల కొత్త ఇన్ఫెక్షన్ రావచ్చు. అందుకే మంచం తలవైపు ఎత్తి ఉంచుతారు, వీలైతే రోజూ మత్తు తగ్గించి, సొంతంగా ఊపిరి తీసుకోగలరేమో చూస్తారు.

స్టెరాయిడ్ల సంగతికొస్తే, ఆ ఫ్రాన్స్ అధ్యయనంలోనే హైడ్రోకార్టిసోన్ అనే స్టెరాయిడ్ అందుకున్నవాళ్లలో మరణాలు 6 శాతమే. అలాగని అందరికీ పనికొచ్చే మందు కాదు. ఫ్లూ వల్ల వచ్చిన న్యుమోనియాలో హాని చేసే అవకాశం ఉంది, ఆ రోగుల్ని ఈ అధ్యయనంలో చేర్చుకోలేదు కూడా. ‘మా వాళ్లకి ఎందుకు ఇస్తున్నారు?’ అని డాక్టర్ని అడగండి. వినకుండానే వద్దనడం మాత్రం ప్రమాదం.

ఇక మంచానికే అన్న మాట. నీరసం, మతిమరుపు, నిద్ర పట్టకపోవడం నెలల తరబడి వేధిస్తాయి. పెద్ద వయసువాళ్లలో కొందరు మునుపటిలా తిరగలేరు కూడా. అయితే చాలామంది మెల్లగా కోలుకుంటారు. వెంటిలేటర్ మీద ఉండగానే ఫిజియోథెరపిస్ట్ వచ్చి కాళ్లూ చేతులూ ఆడించేది అందుకే.