ఈజీ రన్ గారికి గైర్హాజరు నోటీసు

మహారాజశ్రీ ఈజీ రన్ గార్కి,

విషయం: వారానికి మూడు రోజులు హాజరుపట్టీలో సంతకం ఉండి, మనిషి మాత్రం కనిపించకపోవడం గురించి.

అయ్యా,

నమస్కరించి రాయునది ఏమనగా, ఆగస్టు చివర్లో వచ్చే హైదరాబాద్ మారథాన్ కోసం నలభై అయిదు దాటిన మా బ్యాచ్ మే నెల నుంచి రోడ్డెక్కింది. షెడ్యూల్లో మీ పేరు, అంటే పూర్తి వాక్యాల్లో మాట్లాడుకుంటూ నిదానంగా పరిగెత్తాల్సిన తేలిక పరుగు, మంగళవారం ఉంది, 8 కిలోమీటర్లు. గురువారం ఉంది, మళ్ళీ 8. శనివారం 6. పదహారు వారాలకి లెక్కేస్తే 48 హాజరులు. ఇన్నిసార్లలో మిమ్మల్ని కళ్ళారా చూసినవాళ్ళు మాలో ఒక్కరూ లేరు. కుర్చీకి కోటు తగిలించి క్యాంటీన్‌కి పోయే గుమస్తాల గురించి విన్నాం గానీ, మీ అంత ఘనులని ఎరగం. మీకు కోటు కూడా లేదు.

మీరు ఏ కిలోమీటరు దగ్గర జారుకుంటున్నారో మాత్రం కనిపెట్టాం. దానికి వాచీ అక్కర్లేదు, చెవులు చాలు. కేబీఆర్ పార్కు బయటి ఫుట్‌పాత్ మీద ఉదయం అయిదుంపావుకి మొదటి కిలోమీటరు 7:20లో, అంటే ఏడు నిమిషాల ఇరవై సెకన్లలో పడుతుంది. ఒకాయన కొడుకు ఎప్‌సెట్ ర్యాంకుతో మొదలుపెట్టి, కౌన్సెలింగులో ఏ కాలేజీ ముందు పెట్టాలో, ఏ బ్రాంచి వెనక పెట్టాలో పూసగుచ్చినట్టు చెబుతుంటాడు. ఆ వాక్యాల్లో కామాలుంటాయి. ‘అసలు నన్నడిగితే’ అనే పీఠిక కూడా ఉంటుంది. రెండో కిలోమీటరు 7:02. పీఠికలు పోయాయి. మూడోది 6:44. వాక్యాల్లోంచి క్రియలు రాలిపోయాయి: ‘సీఎస్ఈ... కష్టం... ఈసీఈ.’ నాలుగోది 6:28. వినేవాళ్ళు ‘ఊఁ’ దగ్గర ఆగిపోయారు. అయిదోది 6:11. ఇక వినబడేవి బూట్ల చప్పుడూ, వీధి కుక్కల మొరుగుడూ. ఆ అబ్బాయికి సీటొచ్చిందో లేదో ఎవరికీ పట్టదు, కన్నతండ్రితో సహా. ఎనిమిదోది 5:38. ఎందుకంటే మొదలుపెట్టిన గేటు కనబడింది.

ఇందులో ఎవరి దురుద్దేశమూ లేదు. పక్కవాడి భుజం కంటే అరడుగు ముందుంటే కొందరికి ఊపిరి సాఫీగా ఆడుతుంది. ఆ అరడుగు అందుకోవడం పక్కవాడికి మర్యాద. అందుకోగానే ముందున్నవాడు మరో అరడుగు వేస్తాడు, అదీ తెలియకుండానే. ఇలా కిలోమీటరుకి పదిహేను సెకన్ల చొప్పున మీరు కరిగిపోతారు. ‘ఎవరు పెంచారు?’ అని తర్వాత అడిగితే, దొంగతనం జరిగిన ఇంట్లో లాగా అందరూ ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. పరుగు ముగిశాక పరుగులు నమోదు చేసే స్ట్రావా యాప్‌లో మాత్రం మీరు ప్రత్యక్షం: ‘ఈజీ రన్ విత్ గ్యాంగ్.’ సగటు 6:25, సగటు గుండె వేగం 156. నలభై ఎనిమిదేళ్ళ గుండెకి 156 ఈజీ అయితే, ఆ గుండెని మ్యూజియంలో పెట్టాలి.

లెక్క మీకు తెలియనిది కాదు, అయినా ఫైల్లో ఉండటానికి రాస్తున్నాం. నాలుగున్నర గంటల్లో మారథాన్ ముగించాలంటే 42.195 కిలోమీటర్లూ కిలోమీటరుకి 6:24 చొప్పున వెళ్ళాలి. అలాంటివాళ్ళ ఈజీ అంటే సుమారు 7:00 నుంచి 7:40. గుండె లెక్కన అయితే ఫిల్ మాఫెటోన్ అనే అమెరికా కోచ్ చెప్పిన మొరటు సూత్రం ఒకటుంది: 180లోంచి వయసు తీసెయ్. 48 ఏళ్ళకి 132. దాన్ని దాటకుండా పరిగెత్తడం మొదట్లో పెద్ద అవమానం. ఎత్తొస్తే నడవాలి, వాకింగ్‌కి వచ్చిన పెద్దలు దాటిపోతారు, పరుగెత్తలేకపోతే ఇంట్లో పడుకోవచ్చుగా అన్నట్టు చూస్తారు. రెండు మూడు నెలలు ఓర్చుకుంటే అదే 132కి 7:50 కాస్తా 7:20 అవుతుంది. మా బ్యాచ్‌లో ఆ ఓర్పు రెండో మంగళవారం దాకా ఉంటుంది.

అసలు మీ అవసరం ఏమిటని కొత్తగా చేరినవాళ్ళు అడుగుతుంటారు. వాళ్ళ కోసం చిన్న పద్దు. మనిషి కండరాల్లో, కాలేయంలో కలిపి దాచుకోగల గ్లైకోజెన్, అంటే పిండిపదార్థం నిల్వ, నాలుగైదు వందల గ్రాములు, అంటే రెండు వేల కేలరీల లోపు. పరుగుకయ్యే ఖర్చు కిలో బరువుకి, కిలోమీటరుకి దాదాపు ఒక కేలరీ. 75 కిలోల మనిషికి 42 కిలోమీటర్లకి మూడు వేల పైచిలుకు. లోటు వెయ్యికి పైనే. దారిలో ఆరు ఎనర్జీ జెల్‌లు మింగినా, ఒక్కోటి 25 గ్రాముల పిండిపదార్థం లెక్కన, 600 కేలరీలు. మిగతాది కొవ్వులోంచి రావాలి. మా నడుముల చుట్టూ నిల్వకేం లోటు లేదు, ఎఫ్‌సీఐ గోదాముల్లా ఉంది. దాన్ని విడుదల చేసే యంత్రాంగమే లేదు. కండరాల్లో శక్తిని తయారుచేసే మైటోకాండ్రియా పెరగాలి, సన్నటి రక్తనాళాలు అల్లుకోవాలి. ఆ పని నెలల తరబడి, అలసట మిగల్చకుండా జరగాల్సింది మీ సమక్షంలో. మీరు రాకపోతే 32వ కిలోమీటర్లో గోదాము నిండుగానే ఉంటుంది, తాళంచెవి మాత్రం ఉండదు.

మీ గైర్హాజరు వల్ల బుధవారం ఎంత నష్టపోతోందో కూడా చెప్పాలి. బుధవారం ఇంటర్వెల్స్: 800 మీటర్లు ఆరుసార్లు, ఒక్కోటి 4:30లో, మధ్యలో మూడు నిమిషాల జాగింగ్. అంటే కిలోమీటరుకి 5:37. మంగళవారమే కాళ్ళు పిండేసుకున్నాం కాబట్టి మొదటి రెండూ 4:30, మూడోది 4:41, నాలుగోది 4:52, అయిదోదాని ముందు ఒకాయన లేసు అదే పనిగా కట్టుకుంటాడు. చివరికి బుధవారం సగటు 6:10 దగ్గర తేలుతుంది. వేగంగా వెళ్ళాల్సిన రోజు వేగం లేదు, నిదానంగా వెళ్ళాల్సిన రోజు నిదానం లేదు. వారమంతా ఒకటే రంగు నీళ్ళ సాంబారు. స్టీఫెన్ సైలర్ అనే వ్యాయామ శాస్త్రవేత్త మేటి క్రీడాకారుల శిక్షణ లెక్కలు తీస్తే, సుమారు 80 శాతం సెషన్లు తేలికవేనని తేలింది. మా లెక్క తీస్తే ఎనభై శాతం ఓ మోస్తరు, ఇరవై శాతం మడమ నొప్పి.

మడమ దగ్గరికొచ్చాం కాబట్టి ఒక మాట. కెన్యా రన్నర్ కెల్విన్ కిప్టమ్ 2023లో షికాగో మారథాన్‌ని 2:00:35లో ముగించినప్పుడు కిలోమీటరుకి 2:51 పడింది. ఆ స్థాయివాళ్ళు కూడా తేలిక రోజుల్లో కిలోమీటరుకి నిమిషానికి పైగా నిదానిస్తారు. మేం రేసు వేగం కంటే సాగదీస్తే ఓ సెకను. యాభైకి దగ్గరపడ్డాక పిక్కలూ, మడమ వెనక స్నాయువూ నిన్నటి దెబ్బని ఇవాళ్టికి మరమ్మతు చేసుకోలేవు. ఆ స్నాయువుకి రక్తం అందడమే తక్కువ. వేగం పెరిగేకొద్దీ బరువంతా ముందు పిక్క మీద పడుతుంది, అక్కణ్ణుంచి మడమకి దిగుతుంది. పొద్దున మంచం దిగగానే మొదటి పది అడుగులు కుంటి, తర్వాత సర్దుకుంటే అది చాలావరకు అరికాలి అడుగున ఉండే పట్టీ (ప్లాంటర్ ఫేసియా) వాపు. కొత్త బూట్లు కొంటే పోదు. మెట్టు అంచున నిలబడి మడమ నిదానంగా దించి ఎత్తడం, పదిహేనేసి మూడుసార్లు, రోజు మార్చి రోజు, ఓ మూడు నెలలు చెయ్యాలి. బూట్లు కొన్నంత హుషారుగా ఈ పని ఎవరూ చెయ్యరు. గుండెలో బరువుగా, ఎడమ భుజంలో లాగినట్టు అనిపిస్తే అది వేరే సంగతి. అక్కడే ఆగి డాక్టరు దగ్గరికి వెళ్ళాలి, వ్యంగ్యం లేదు.

మీ గైర్హాజరుని కప్పిపుచ్చే దళారీ ఒకడున్నాడు, చేతికి కట్టుకున్న వాచీ. మణికట్టు దగ్గర పచ్చదీపం వెలిగించి నాడి చూసే ఈ వైద్యుడు పట్టీ వదులుగా ఉంటే గుండెని వదిలేసి అడుగులు లెక్కపెడతాడు. నిమిషానికి 168 అడుగులు పడితే గుండె 168 అంటాడు. ఒకోసారి ఎదురు తప్పు కూడా చేస్తాడు: మనిషి ఆయాసపడుతుంటే 118 చూపించి, ఈజీయేలే అని భరోసా ఇస్తాడు. ఛాతీకి కట్టే పట్టీ నయం, కాకపోతే రోజూ తడిపి కట్టుకోవాలి. ఫ్లైఓవర్ కిందికి వెళ్ళగానే ఈ దళారీకి శాటిలైట్ తప్పిపోయి అప్పటి పేస్ (కిలోమీటరుకి పట్టే సమయం) 4:12 అని చూపిస్తాడు, బయటికొచ్చాక 8:40. ఆ 8:40 చూసి కంగారుపడి వేగం పెంచేవాడు బ్యాచ్‌కొకడు ఉంటాడు. అప్పటికప్పటి పేస్ తీసేసి కిలోమీటరు సగటు పెట్టుకోవచ్చు. వాచీలో ఆ సెట్టింగు ఉంది. ఎవరూ మార్చరు, 4:12 చూడ్డానికి బాగుంటుంది కదా.

ఎండ గురించి మీతో మాకు పేచీ లేదు, అది మీ తప్పు కాదు. కానీ మేలో తెల్లవారుజామున కూడా ఉక్కపోతే. విశాఖ ఆర్కే బీచ్ వాళ్ళకైతే ఏడాదిలో సగం రోజులు తడిగుడ్డ కప్పుకుని పరిగెత్తినట్టే, చెమట ఆరదు. ఆరని చెమట ఒంటిని చల్లబరచదు. చల్లబరచాలని రక్తం చర్మం వైపు పరిగెడుతుంది, చెమటగా నీరు పోయి రక్తం కొంత తగ్గుతుంది, మిగిలినదాంతో కాళ్ళ పని కూడా నడపాలి కాబట్టి గుండె ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. అదే 7:20 వేగంలో, అదే మనిషికి, గంట తిరిగేసరికి నిమిషానికి పది, పదిహేను సార్లు అదనం. అంటే ఆ రోజుల్లో మీ నిజరూపం 7:20 కాదు, 7:50. నవంబరు పేస్‌ని మేలో పట్టుకు వేలాడటం నవంబరు స్వెటర్ని మేలో వేసుకున్నట్టుంటుంది.

ఇక ముందు మీ హాజరు కోసం కొన్ని ఏర్పాట్లు ప్రతిపాదిస్తున్నాం. అందరికంటే నిదానస్తుడు ముందుండాలి. ఊరేగింపులో పెద్దావిడ నడకని బట్టే కదా బ్యాండు మేళం నడిచేది. ఆయన భుజం ఎవరూ దాటరాదు. వాచీలో 135కి అలారం పెట్టాలి, మోగితే నడవాలి, మోగింది నాది కాదని బుకాయించరాదు. ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడు వేగం కాదు, ఊపిరి ఒకేలా ఉంచుకోవాలి. కాళ్ళు దురద పెట్టేవాళ్ళకి చివర్లో ఇరవై సెకన్ల చొప్పున నాలుగు గట్టి పరుగులు, మధ్యలో నిమిషం నడక. అంతటితో ఆ దురద తీరాలి.

వేగాలు మరీ తేడాగా ఉంటే దూరం లెక్క మానేసి సమయం లెక్క పెట్టుకోవడం మేలు. అందరూ ఒకేసారి బయల్దేరి, ఎవరి ఈజీలో వాళ్ళు 28 నిమిషాలు వెళ్ళి, ఎక్కడున్నవాళ్ళు అక్కడే వెనక్కి తిరగాలి. 7:00 వాడు 4 కిలోమీటర్ల దాకా వెళ్ళి ఉంటాడు, 8:00 వాడు మూడున్నర దాకా. తిరిగేసరికి నిదానస్తుడే ముందుంటాడు, 56వ నిమిషానికి ఇద్దరూ గేటు దగ్గర కలుస్తారు. ఎవరైనా 53కే వచ్చి నిలబడితే దొంగ దొరికినట్టే. ఇంత చవకైన సీసీ కెమెరా మరోటి లేదు.

తర్వాత టిఫిన్ల సంగతి మీ పరిధిలోకి రాదు. 8 కిలోమీటర్లకి ఖర్చయ్యే 600 కేలరీలని నెయ్యి కారం దోశ, వడ, రెండు ఇరానీ చాయ్‌లు ఇరవై నిమిషాల్లో తిరిగి జమ చేస్తాయి. ఆ విభాగంలో హాజరు నూటికి నూరు. అక్కడ మాత్రం అందరూ నిదానంగా, పూర్తి వాక్యాల్లో మాట్లాడుతూ, ఎప్‌సెట్ ర్యాంకు సంగతి చివరిదాకా వింటారు.

మీరు రాని పక్షంలో ఏం జరుగుతుందో కూడా రాసిపెడుతున్నాం. నెక్లెస్ రోడ్డు దగ్గర తెల్లవారకముందే గుంపులో నిలబడతాం. చల్లగాలి, డప్పులు, మూడు వారాలు పరుగు తగ్గించుకుంటూ వచ్చి (టేపరింగ్) తాజాగా ఉన్న కాళ్ళు. 6:24కి వెళ్ళాల్సింది, నిదానించడం అలవాటు లేదు కాబట్టి 5:50. మొదటి 5 కిలోమీటర్లలో దాదాపు మూడు నిమిషాలు మిగిల్చామని పొంగిపోతాం. గచ్చిబౌలి వైపు ఎక్కుతూ దిగుతూ ఉండే దారిలో, ముప్ఫై దాటాక, ఆ మూడు నిమిషాలకి వడ్డీ కట్టడం మొదలవుతుంది. కిలోమీటరు 8:30, తర్వాత 9:15. అరటిపండు ముక్క ఇచ్చే వాలంటీరు ‘సార్, ఇంకెంతో లేదు’ అంటాడు. అక్కడ మీరు తప్పకుండా వస్తారు. వద్దన్నా వస్తారు.

ఈ నోటీసు అందిన ఏడు రోజుల్లోగా సంజాయిషీ దాఖలు చేసి, వచ్చే మంగళవారం ఉదయం 5:15కి గేటు దగ్గర స్వయంగా హాజరు కావలసిందిగా కోరుతున్నాం.

ఇట్లు,
6:10 బ్యాచ్

తా.క.: ఈ లేఖ గ్రూపులో పెట్టగానే పద్నాలుగు దండాలు, ఆరు చప్పట్లు వచ్చాయి. ఆ కిందనే ఒక సందేశం: ‘కేక అన్నా, కరెక్టుగా రాశారు. రేపు పక్కా ఈజీ. 6:15 అందరికీ ఓకేనా?’