మెట్లెక్కినోళ్ళం, మాకు మంచో లెక్కా!

డిసెంబర్ దగ్గరపడితే చాలు, మన తిరుపతి వాట్సాప్ గ్రూపుల్లో ఉత్తరాఖండ్ మంచు కొండల ట్రెక్కులు కేదార్‌కంఠ, బ్రహ్మతాల్ పోస్టర్లు దిగుతాయి. తెల్లటి వాలు, ఎర్ర జాకెట్, చేతులు చాపిన కుర్రోడు. కింద మనోళ్ళ మాట ఒకటే: "అలిపిరి 3550 మెట్లు ఆగకుండా ఎక్కుతాం, మాకు మంచో లెక్కా?"

ఎక్కుతావన్నా, కాదన్నదెవరు? మంచు చరియకి నీ దమ్ముతో పనేముంది? 2022 అక్టోబర్ 4న ఉత్తరాఖండ్‌లోని ద్రౌపదీ కా దండా శిఖరం మీద చరియ కింద చిక్కింది ఉత్తరకాశీ నెహ్రూ పర్వతారోహణ సంస్థ జట్టు. నేర్చుకునేవాళ్ళూ, నేర్పేవాళ్ళూ కలిపి పాతికమందికి పైనే పోయారు. అదే ఏడాది మేలో పదహారు రోజుల తేడాలో ఎవరెస్టు, మకాలు రెండూ ఎక్కిన సవితా కంస్వాల్ కూడా అందులోనే పోయింది. ఆమె కంటే గట్టి కాళ్ళా మనవి?

ప్రమాదమంతా వాలులో, మంచు పొరల్లో ఉంటుంది. 30 నుంచి 45 డిగ్రీల వాలు అయితే మరీ. సీజను మొదట్లో పడిన పలచటి మంచు చలికి గింజ కట్టి, బొంబాయి రవ్వలా ఒకదానికొకటి అంటకుండా అడుగున ఉండిపోతుంది. దాని మీద కొత్త మంచు పలకలా బిగుస్తుంది. మంచు కురవకపోయినా గాలి ఒక పక్కది ఎత్తుకొచ్చి రెండో పక్క పోస్తుంది. ఆ పలక మీద కాలు పెడితే లోపల 'వుమ్' అని ఓ మూలుగు, సర్రున ఓ పగులు, వాలంతా కదులుతుంది. చరియల్లో చిక్కినవాళ్ళలో ఎక్కువమంది విషయంలో దాన్ని కదిల్చింది వాళ్ళో, వాళ్ళ జట్టులోనివాళ్ళో. బాగా మంచు పడి తెరిపిచ్చిన మర్నాడు ఆకాశం నీలంగా, ఫోటోలకి భలే ఉంటుంది చూడండి, భయపడాల్సింది ఆ రోజే.

2023లో అలిపిరి దారిలో చిరుత ఆరేళ్ళ పాపను చంపాక మనకి గుంపులుగా పొమ్మన్నారు, చేతికి కర్రలిచ్చారు. మంచు వాలు మీద ఆ అలవాటు పనికిరాదు. ఒక్కొక్కరే దాటాలి, మిగతావాళ్ళు భద్రమైన చోట నిలబడి కన్నార్పకుండా చూడాలి. మనోళ్ళకేమో గ్రూప్ ఫోటో వాలు నడిమధ్యే కావాలి, గోవిందా గోవిందా అంటూ!

చండీగఢ్‌లో డీఆర్‌డీవోకి చెందిన డీజీఆర్‌ఈ అనే పరిశోధన సంస్థ చరియల ముప్పు బులెటిన్ ఇస్తుంది. ముప్పుని ఒకటి నుంచి అయిదు దాకా లెక్కేస్తారు. ఆల్ప్స్‌లో ఎక్కువమంది పోయేది అయిదులో కాదు, మూడులో. అయిదంటే ఎవడూ గడప దాటడు. మూడు మాత్రం మనకి పాస్ మార్కుల్లా కనిపిస్తుంది.

కేదార్‌కంఠ దారి చాలావరకు దేవదారు, పైన్ అడవిలోనే కదా అంటారు. నిజమే, మామూలు రోజుల్లో అక్కడ నాకూ పెద్ద భయం లేదు. నా గొడవ ఆ ట్రెక్ గురించి కాదు, అది ఎక్కొచ్చాక వచ్చే ధీమా గురించి. మరుసటేడు అదే ధీమాతో పెద్ద కనుమలకి బయల్దేరతారు.

మొన్న ఒక నిర్వాహకుడికి ఫోన్ చేసి, దారిలో వాలు ఎంతుంటుంది, బులెటిన్ ఎవరు చూస్తారు, తలా ఒక బీకన్ (మంచు కింద ఉన్నోడి జాడ సిగ్నల్‌తో పట్టిచ్చేది), ప్రోబ్ (మంచులో గుచ్చి వెతికే పొడుగు కడ్డీ), పార ఇస్తారా అని అడిగా. "సార్, టెంటు, వేడి భోజనం, సర్టిఫికెట్ అన్నీ ప్యాకేజీలోనే" అన్నాడు. సర్టిఫికెట్ ఏం చేసుకోను సామీ? మంచులో కూరుకున్నోణ్ణి మొదటి పావుగంటలో తవ్వితీస్తే బతికే ఆశ బాగానే ఉంటుంది, అరగంట దాటితే చాలామంది దక్కరు. ఆ టైముకి హెలికాప్టర్ రాదు. తీస్తే పక్కనున్నోడే తియ్యాల.

మా పెద్దమ్మ కొడుకు ఈ జనవరికి పోతున్నాడు. ఇదంతా చెప్తే, "పార నేనెందుకన్నా మొయ్యడం, పోర్టర్ ఉంటాడు కదా" అన్నాడు. రేయ్, పోర్టర్ కూడా ఆ వాలు మీదే నడుస్తాడు కదరా! వాడే మంచు కింద పడితే పార ఎవడి దగ్గరుంటుంది?