సవరణ: రెండింటి మీదా 10 స్పీడ్ అని ఉన్నా జత కుదరదు

టూరింగ్ సైకిల్ గేర్ల గురించి ఇంతకుముందు రాసినప్పుడు, షిమానో 10 స్పీడ్ (వెనక పది గేర్లు) రోడ్ షిఫ్టర్లకు, అంటే రోడ్ సైకిల్ హ్యాండిల్ మీది గేర్ మీటలకు, అదే కంపెనీ 10 స్పీడ్ మౌంటెన్ డీరైలర్ (వెనక చైన్‌ను ఒక పళ్ల చక్రం నుంచి ఇంకోదానికి జరిపే భాగం) సరిపోతుందని చెప్పాను. అది తప్పు. ఆ మాట నమ్మి ఎవరైనా సామాను కొని ఉంటే మన్నించండి.

తేడా అంతా కేబుల్ లాగుడులో ఉంది. రోడ్ షిఫ్టర్ ఒక్క క్లిక్‌కు సుమారు 2.3 మిల్లీమీటర్ల కేబుల్ లాగుతుంది. 9 స్పీడ్ కాలం నాటి డీరైలర్ దానికి 1.7 రెట్లు, అంటే దాదాపు 3.9 మిల్లీమీటర్లు జరుగుతుంది. 10 స్పీడ్ క్యాసెట్‌లో (వెనక పళ్ల చక్రాల గుత్తిలో) చక్రానికీ చక్రానికీ మధ్య దూరం కూడా ఇంచుమించు అంతే. 10 స్పీడ్ మౌంటెన్ డీరైలర్ మాత్రం 1.2 రెట్లే జరుగుతుంది, 2.8 కూడా రాదు. దాంతో చైన్ పక్క చక్రం మీదికి ఎక్కలేక పళ్ల అంచున గరగరలాడుతూ ఉండిపోతుంది. కేబుల్ బిగువు సరిచేసే అడ్జస్టర్ ఎంత తిప్పినా లాభం లేదు.

కాబట్టి ఆ షిఫ్టర్లకు 9 స్పీడ్ మౌంటెన్ డీరైలరే పెట్టండి. క్యాసెట్, చైన్ మాత్రం 10 స్పీడ్‌వే ఉండాలి. షిమానోవే అయిన టియాగ్రా 4700 అనే 10 స్పీడ్ రోడ్ షిఫ్టర్లకు ఇది కూడా పనికిరాదు, వాటి లాగుడు వేరు.

కెపాసిటీ లెక్కలో, అంటే డీరైలర్ ఎంత చైన్ వదులును సర్దుకోగలగాలన్న లెక్కలో, మార్పేమీ లేదు. ముందు 48-36-26, వెనక 11-34 పళ్లు అయితే, పెద్ద చక్రానికీ చిన్న చక్రానికీ తేడా ముందు 22, వెనక 23, కలిపి 45 పళ్లు, కాబట్టి డీరైలర్‌కు పొడవాటి కేజ్ (చైన్‌ను బిగువుగా పట్టే కింది చేయి) తప్పదు. సామానుతో ఘాట్ ఎక్కేవాళ్లు ఆ 34 పళ్ల చక్రాన్ని మాత్రం వదులుకోకండి.